ఎవరింటి కేకు

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. రెడీమేడ్ దుస్తుల పుణ్యమా అని కుట్టుపని సగానికి సగం పడిపోయాక, ఆమె ఆశలన్నీ తాను చేసే నారింజ కేకు మీదికి మళ్లాయి. వీధి మలుపులోని హోటల్లో అది రోజూ అమ్ముడైతే చాలు, ఇల్లు గడిచిపోతుంది. కిందటి నెలలో నమూనాకని ఒక కేకు ఇచ్చి వచ్చింది. "ఇంటి సరుకు మా దగ్గర పోదు తల్లీ" అని హోటలాయన తేల్చేశాడు.

చుట్టపుచూపుగా వచ్చిన వదిన ఆ మాట వినగానే భగ్గుమంది.

"పోదని వాడెలా చెప్తాడు? తినేవాళ్లు చెప్పాలి. ఇవాళ ఇంకోటి చేసి పట్టుకెళ్దాం. ఆ హోటల్లో మీ ఊరివాళ్లు ఎగబడి తాగే సూపేదో నేనూ రుచి చూడాలి."

పొద్దున్నే పని మొదలైంది. టైలరమ్మ నారింజ తొక్కలో రంగున్న పైపొరను మాత్రమే తురిమింది. సువాసననిచ్చే నూనె ఆ పొరలోనే ఉంటుంది. కిందనున్న తెల్లపొర కలిస్తే చేదు. పాత ఓవెనుకు వేడిని చూపే ముల్లు ఏనాడో విరిగింది. అందువల్ల కాగితం మీద చిటికెడు మైదా చల్లి లోపల ఉంచి, అది ఎంత త్వరగా రంగు తిరుగుతుందో చూసి వేడిని నిర్ధారించుకునేది.

"బట్ట కొలిచినట్టు దీన్నీ కొలుస్తావేంటే?" అంటూ వదిన కేకు పిండి గిన్నె అంచున వేలు పెట్టి నాకింది.

"కొలవకపోతే పొంగదు. వేలు తియ్యి వదినా, అందులో పచ్చిగుడ్డుంది!"

"మీ అన్నయ్యనే అరిగించుకున్నదాన్ని, గుడ్డొక లెక్కా?"

చల్లారిన కేకును కోసి, డబ్బాలో సర్ది, మధ్యాహ్నం ఇద్దరూ హోటలుకు వెళ్లారు. గుమ్మం పక్కన నల్లబల్ల మీద సుద్దతో రాసి ఉంది: 'తాజా నారింజ తొక్కతో ఇంటి కేకు.' నమూనా ఇచ్చిన రోజు ఆమె హోటలాయనకు చెప్పిన మాటలే అవి, అక్షరం పొల్లుపోలేదు. మనసు మార్చుకున్నాడేమోనని గుండె ఒక్కసారి ఎగిసింది. మరుక్షణమే అనుమానం వచ్చింది: తనను అడగనే లేదు, మరి చేసిందెవరు?

బీన్స్ సూపు రెండు చెంచాలు తాగి, "ఇది మాత్రం బాగుంది, ఒప్పుకోవాలి" అంది వదిన. తరువాత, టైలరమ్మ అడిగిన ఆ 'ఇంటి కేకు' వచ్చింది. అంచులు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. లోపలి రంధ్రాలన్నీ ఒకే పరిమాణంలో ఉన్నాయి. తొక్క తురుము ఒక్క పోగైనా లేదు. నాలుక చివర ఎసెన్సు చేదు మిగిలింది. అది ఫ్యాక్టరీ కేకు.

పక్క టేబులు దగ్గర కూర్చున్న పోస్ట్‌మ్యాన్ నిట్టూర్చాడు. "మొదటిరోజు ఊరికే ముక్కలు పంచారమ్మా. అదీ కేకంటే! ఆ రుచి కోసమే రోజూ కొంటున్నా. మళ్లీ తగిలితే ఒట్టు."

టైలరమ్మకు అప్పుడర్థమైంది. ఆ రోజు పంచింది తన కేకే. దాన్ని రుచి చూపించి, దాని మాటలే బల్ల మీద రాసి, ఇన్నాళ్లుగా దీన్ని అమ్ముతున్నాడు. ఆమె తిన్నగా కౌంటరు దగ్గరికి నడిచింది.

"అన్నా, ఇంటి కేకు అని రాశావు. ఎవరింట్లో చేశారు?"

"ఏదో ఒక ఇంట్లో. ఇవన్నీ అడిగితే ఎలా తల్లీ?"

"ఏ వీధిలో ఇల్లు? తొక్క తురిమిందెవరు?"

"నెమ్మదిగా అమ్మా, కస్టమర్లున్నారు."

"ఉన్నారనే అడుగుతున్నా!"

ఈలోగా వదిన డబ్బా మూత తీసి, టేబుళ్ల మీద తలా ఒక ముక్క పెట్టేసింది. పోస్ట్‌మ్యాన్ కొరికి, నోట్లో ముక్క ఉండగానే కేకేశాడు: "ఇదే! ఇదే ఆ కేకు!"

తలలన్నీ కౌంటరు వైపు తిరిగాయి. హోటలాయన గొంతులోకి ఎక్కడలేని తియ్యదనం వచ్చింది.

"గొడవెందుకు తల్లీ? రేపటినుంచి రోజూ నువ్వే తెచ్చివ్వు."

నెల రోజులుగా ఎదురుచూసిన మాట అది.

"ఇస్తాను. టైలరమ్మ చేసింది అని బల్ల మీద రాయి."

"అదొక్కటే కుదరదు. రాస్తే జనం మీ ఇంటికే వస్తారు. పైగా నీది చాలని రోజున ఇదీ అమ్ముకోవాలి కదా నేను?"

"అంటే ఫ్యాక్టరీది నా కేకు పక్కన పెట్టి, రెండూ ఒకటేనంటావు."

"తినేవాళ్లకేం తెలుస్తుంది?"

పోస్ట్‌మ్యాన్ ఇంకా నములుతూనే ఉన్నాడు. టైలరమ్మ అతని వైపు ఒకసారి చూసి, డబ్బాకు మూత పెట్టింది. "అయితే నాకూ కుదరదు" అని గుమ్మం దాటింది.

వదిన వెనకే పరుగులాంటి నడకతో అందుకుంది. "చేతిదాకా వచ్చిన ఆర్డరే! కాస్త మెత్తబడితే ఏం పోయేది?"

"నా కేకు బాగోలేదంటే నేను పడతా వదినా. ఆయన తెచ్చిన ముక్కకి కూడా తిట్లు నేనెందుకు తినాలి?"

వదిన ఆమెతో అడుగు కలిపి, మెల్లగా అడిగింది. "మీ గుమ్మం ముందు నువ్వే ఒక టేబులు వేసుకోకూడదూ?"

"వేస్తా" అంది టైలరమ్మ, నడక తగ్గించకుండానే. "ముందు నన్ను కాసేపు కోపంగా ఉండనీ."