అతకడానికి మిగిలిన పోగులు

మా పెద్దమ్మ ఊరికే కూర్చున్నా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి నులుముకుంటూనే ఉండేవి. వేళ్లకు బూడిద అద్దుకుని, కొత్త పడుగు దారాలను మగ్గంలో మిగిలిన పాత పోగులకు ఒక్కొక్కటిగా నులిమి అతకడం ఆమె పని. మా పేట నీలం నగర్ అంతా పవర్‌లూమ్‌లు వచ్చాక మా చేమగ్గం మూడేళ్లుగా ఖాళీగానే ఉంది. అయినా అందులోని పాత పోగులను ఎవరినీ కోయనిచ్చేది కాదు.

"కొసలుంటే ఎప్పుడన్న అతకొచ్చు" అనేది.

నేను ఒకటో తరగతిలో ఉండగా బడివాళ్లు మమ్మల్ని మ్యూజియానికి తీసుకెళ్లారు. పిల్లలకు తోడుగా పెద్దమ్మ వచ్చింది. అక్కడ చుట్టూ తాడు కట్టిన అరుగు మీద ఒక చేమగ్గం. నూనె పూసి మెరిపించారు, ఒక్క పోగు లేదు.

"ఇది పాతకాలం మగ్గం" అని చెప్పింది టీచరు.

నేను పెద్దమ్మ కొంగు లాగాను. "మనింట్లది గూడ పాతకాలందేనా, పెద్దమ్మా?"

నులుముకుంటున్న ఆమె వేళ్లు ఆగిపోయాయి.

ఇంటికి రాగానే, కాళ్లయినా కడుక్కోకుండా మగ్గం దగ్గర కూలబడింది.

"ఇగ అతికేది లేదు బిడ్డా. కత్తెర పట్టుకరా."

ఎందుకో తెలియదు నాకు. పరుగెత్తి తెచ్చిచ్చాను.