రొయ్యల గుంట గట్టున క్వాంటం పాఠం

ఒక గుంటెడు రొయ్యల్ని నేను భౌతికశాస్త్రంతో చంపాను. నవ్వండి, పరవాలేదు. మా చెల్లెలి భర్త వెంకటరత్నం తప్ప అందరూ నవ్వారు.

అప్పుడు రిటైరైన కొత్త. ముప్పై ఏళ్లు కాలేజీలో పాఠం చెప్పిన నోరు, వినేవాడు లేక దురద పెట్టేది. నెల్లూరు జిల్లా కోట దగ్గర వెంకటరత్నానికి రొయ్యల గుంట ఉండేది. కిందటి పంట తెల్లమచ్చ రోగంతో పోయింది. చెల్లెలికి కంటి ఆపరేషనని నెల్లూరు వెళ్తూ నాకు అప్పగించాడు.

"బావా, ఇది కూడా పోతే గుంట వదిలేసి కూలికి పోవాల్సిందే. పూటపూటకీ నీళ్లలో దించిన మేత ట్రే పైకెత్తి చూడు. మేత మిగిలినా, రొయ్య మీద మచ్చ కనపడినా ఫోన్ చెయ్యి. అప్పటికప్పుడు వల వేసి పట్టి, చచ్చేలోపు అమ్మేస్తాం."

నేను పద్ధతైన మనిషిని. ఉదయమే డైరీలో గడులు గీసి, "మధ్యాహ్నం: ట్రే చూశాము, బాగుంది. సాయంత్రం: ట్రే చూశాము, బాగుంది" అని ముందుగానే రాసిపెట్టుకున్నాను. ఇక చూడడమొక్కటే మిగిలింది!

మధ్యాహ్నం కాపలా పోలయ్య ట్రే తాడు పట్టుకునేసరికి, నేనతనికి క్వాంటం కంప్యూటర్ గురించి చెబుతున్నాను.

"లెక్క నడుస్తుండగా తొంగి చూడకూడదు పోలయ్యా. చూశామా, చెడిపోతుంది."

"అట్నా సార్! మరి లోపల ఏం జరగతా ఉన్నట్టు?"

"అక్కడే పండితుల తగాదా. ఎన్నో లోకాల్లో ఒకేసారి లెక్క జరుగుతోందంటారు కొందరు. చూసేదాకా ఏముందని అడగడమే తప్పంటారు ఇంకొందరు. ఎవరిని నమ్మినా జవాబు మాత్రం మారదు."

పోలయ్య తాడు వదిలేశాడు. వదలడం నేను చూశాను కూడా. కానీ లోకాల దగ్గర మంచి ఊపు మీదున్నాను. సాయంత్రం పాఠం రెండో భాగం.

తెల్లారేసరికి గట్టు పొడవునా చచ్చిన రొయ్యలు. కొంగలు పెళ్లివారిలా బంతి తీరి కూర్చున్నాయి.

"ట్రే ఎత్తలేదా పోలయ్యా?"

"మీరే గదా సార్, మధ్యలో చూస్తే చెడిపోతాదని చెప్పినారు!"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, గుంట చచ్చాక ట్రే ఎత్తాం. ప్రతి రొయ్య మీదా తెల్లమచ్చలు.

వెంకటరత్నం వచ్చాడు. గట్టున కూర్చుని నా డైరీ తిరగేశాడు.

"ఏందో లోకాలున్నాయని పోలయ్యకి చెప్పినావంట. ఒకదాంట్లోనన్నా నా రొయ్యలు బతికుంటాయా బావా?"

"ఆ వాదం ప్రకారం ఉండొచ్చు. కానీ మనం అక్కడికి పోలేం."

"ఎందుకు పోలేం? ఇదో, ఇక్కడే ఉంది గదా" అని 'బాగుంది' మీద వేలు పెట్టాడు.

ఇప్పుడతను ఇంకొకరి గుంటలో మేత చల్లుతున్నాడు. ట్రే మాత్రం పూటపూటకీ ఎత్తుతాడట.

అందుకని డైరీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కంటితో చూడనిదాన్ని బాగుందని ఇక రాయను. రేపటి గడిలో "ప్రమాణం నిలబెట్టుకున్నాను" అని రాయబోయి, పెన్ను మూసేశాను.