ఏటి రేవులో బడి గంట

నా చిన్నప్పుడు మా హైస్కూలుకు దారి నీళ్ల మీదుగా ఉండేది. సంగారెడ్డి దాటాక మంజీర ఒడ్డునున్న ఆ సర్కారు బడే చుట్టుపక్కల చిన్న పల్లెలన్నిటికీ దిక్కు. ఏటికి అవతలున్న మా ఊరి పిల్లలం పొద్దున్నే పుట్టిలో దాటి వచ్చేవాళ్లం. పెద్ద తట్టలా గుండ్రంగా ఉండే ఆ పడవను ఒక తాత వెదురు గడతో నడిపేవాడు. అందరం ఒకేసారి పట్టేవాళ్లం కాదు కాబట్టి రెండు విడతలుగా చేరవేసేవాడు.

ఆ చలికాలపు ఉదయం నేను మొదటి విడతలో ఇవతలికి వచ్చేశాను. మా అక్క రెండో విడతలో ఉంది. అవతల పిల్లలు పుట్టి ఎక్కుతున్న సందడి వినిపించింది. అంతలోనే పొగమంచు ఏటిని పూర్తిగా కమ్మేసింది. కాసేపటికి నీళ్ల మధ్య నుంచి తాత కేక వేశాడు.

"ఓ... రేవు యాడున్నదిరా?"

ఒడ్డునున్న వాళ్లందరం ఒక్కసారిగా అందుకున్నాం. ఎగువన బట్టలుతికే వాళ్లు, దిగువన గొడ్లు కడిగే వాళ్లు, రేవులో పిల్లలం.

"గిటు రా తాతా, గిటు!"

"గటు గాదు, మా దిక్కు రా!"

నేనైతే అక్కను పిలుస్తూ ఒడ్డు వెంట పరుగెత్తాను. తాత గొంతు మాత్రం ప్రతిసారీ ఇంకా దిగువ నుంచి వినబడుతోంది. దిగువన బండలు, సుడులు. అటు పోయిన పుట్టి మిగలదని మా అందరికీ తెలుసు.

అప్పుడు వచ్చారు మా లెక్కల సారు. ఆయనది సముద్రపు ఒడ్డున ఒక ఊరు. ఆయన మాట్లాడే తీరును మేము చాటుగా వెక్కిరించేవాళ్లం. బడి గంటగా వేలాడే రైలు పట్టా ముక్కను ఇద్దరి చేత మోయించుకొచ్చి రేవులో నిలబడ్డారు.

"అందరూ నోళ్లు మూయండి! ఒక్క అరుపు వినబడకూడదు."

"పిల్లలు నీళ్లల్ల ఉంటే సప్పుడు జేయకుండ ఎట్లుంటం సారూ?" అని ఒకామె ఏడుపు అందుకుంది.

"అందుకేనమ్మా. మీరు తలో పక్క నుంచి పిలిస్తే ఆయన ఎటు రావాలి?"

సారు నన్ను దగ్గరికి లాక్కుని, గంట కొట్టారు. ఆగి, విన్నారు. మళ్లీ కొట్టారు. అక్క పేరు నా నోటిదాకా వచ్చింది. పళ్లు బిగించి నిలబడ్డాను. అంతమంది ఉన్న ఒడ్డు అంత నిశ్శబ్దంగా ఉండగలదని ఆ రోజే చూశాను. తాత కేక కొంచెం దగ్గరగా వినిపించింది. తర్వాత ఇంకొంచెం. ఉన్నట్టుండి ఆ తెల్లదనంలోంచి గడ కొస బయటపడింది, తాత రుమాలు బయటపడింది, ఆ వెనక పుట్టి అంచు పట్టుకుని కూర్చున్న మా అక్క ముఖం.

"ఏం కొట్టుడు సారూ అది! ఇంక జెరసేపైతే నన్ను గూడ ఎనిమిదో తరగతిల కూసోబెడుదురు," అన్నాడు తాత. ఏడుస్తున్న వాళ్లు కూడా నవ్వారు.

తాను చదివిందీ ఇలాంటి బడిలోనేనని, సముద్రం మీద పొగమంచు కమ్మితే చేపల పడవలు ఆ బడి గంట విని ఒడ్డు చేరేవని సారు ఆ రోజు చెప్పారు. గంట మోగుతున్నంతసేపూ ఒడ్డున కన్నతల్లులు కూడా నోరు మెదపరట. ఆ సముద్రపు ఒడ్డును తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పెద్దయ్యాక పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పనిచేసి, పిల్లల్ని పెంచి, మనవళ్లను చూశాను. మనవాళ్లెవరైనా దారి తోచక నిలబడితే చుట్టూ ఉన్న వాళ్లం ప్రేమ కొద్దీ తలో మాట అంటాం. నాకూ నోటిదాకా చాలా వస్తాయి. కానీ సారు గంట కొట్టినట్టే ఒక్క మాట చెప్పి, ఆగి, వింటాను. రేపు మళ్లీ వాళ్లు నన్ను వెతుక్కుంటే, ఇవాళ ఉన్న చోటే దొరకాలి కదా.