బుచ్చక్కను నేను చూడలేదు

"పిల్లలు అబద్ధం చెప్పరు" అంటూ మొన్న ఆ వీడియోను పదిమందికీ పంపింది మీరే. జ్వరంతో తూలుతున్న పాపను కూర్చోబెట్టి, "ఎవరొచ్చారు? ఆ ముసలిదేనా?" అని గుచ్చి గుచ్చి అడుగుతుంటే మీకందులో చేతబడికి సాక్ష్యం కనిపించింది. నాకు నేనే కనిపించాను.

మా చిన్నప్పుడు... శబరి నది ఒడ్డున కొంటాలో, మా కిరాణా కొట్టుకు సంత రోజున బుచ్చక్క చింతపండు గంప తెచ్చేది. నాకోసం కొంగున తునికి పళ్ళు ముడివేసుకుని మరీ వచ్చేది... నాకు ఏడేళ్ళప్పుడు పది రోజులైనా జ్వరం దిగలేదు. నాన్న ఆస్పత్రి మాట పక్కన పెట్టి గునియాను, అంటే మంత్రగాణ్ణి, పిలిపించాడు.

చేటలో బియ్యం పోసి నా ముందు పెట్టాడతను. చుట్టూ సాంబ్రాణి పొగ...

"గింజలనే చూడు బిడ్డా, రెప్ప కొట్టకు. ఎవలొచ్చిండ్రు?"

"ఎవరూ రాలే."

"మంచిగ చూడు. ఆడమనిషేనా? నెత్తిమీద గంప ఉన్నదా?"

కళ్ళు మూతలు పడుతున్నాయి. అడగడం ఆపితే చాలని, ఉందన్నాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ అన్నాను. మూడోసారికి నిజంగానే కనిపించింది... పెరటి తలుపు తోసుకుని వచ్చి, నా నుదుటి మీద చెయ్యి పెట్టిన బుచ్చక్క!

పంచాయతీ కూర్చుంది. "నేనా బిడ్డా?" అంది బుచ్చక్క. "నువ్వే" అన్నాను, ఏడుస్తూ. ఆ సాయంత్రమే ఆమెను ఊళ్ళోంచి వెళ్ళగొట్టి శబరి దాటించారు. నా జ్వరం తగ్గింది మాత్రం ఆ తర్వాత ఆస్పత్రి సూదులతో.

పోయినేడు అమ్మ దగ్గర ఆ పెరటి తలుపు మాటెత్తాను.

"ఏందే నువ్వనేది? అప్పుడు ఆడ తలుపేడుందే? గోడ ఉండె. నువ్వు పెద్దమనిషివైనంక గదనే మీ నాయిన తలుపు పెట్టించిండు!"

లేని తలుపు... రాని మనిషి. అయినా ఈరోజుకీ కళ్ళు మూసుకుంటే ఆ చెయ్యి చల్లగా తగులుతుంది. నేను అబద్ధమాడలేదండీ. పెద్దవాళ్ళంతా కలిసి నాలో ఒక జ్ఞాపకాన్ని తయారుచేశారు. దీన్ని సంప్రదాయమని నా దగ్గర వెనకేసుకు రావద్దు. బుచ్చక్క ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు.

అప్పుడు చూసింది ఒక వాడ. ఇప్పుడు మీరు దేశమంతా చూపిస్తున్నారు. మారిందల్లా అదే...

నేనడిగేవి ఇవీ:

జ్వరమొస్తే ముందు ఆస్పత్రి.

జవాబు లోపలే పెట్టిన ప్రశ్నతో పిల్లల్ని వేధించొద్దు.

పిల్ల మాట ఒక్కటే పట్టుకుని ఎవరినీ ఊరు దాటించొద్దు.

మీచేతా ఇలా "చూశాను" అనిపించి ఉంటే, కింద రాయండి. సిగ్గుపడాల్సింది మనం కాదు.

వెళ్ళగొట్టిన ఊరే వెళ్ళి, తప్పయిందని చెప్పి, బుచ్చక్కలాంటి వాళ్ళను పిలుచుకు రావాలి. వాళ్ళు బతికుండగానే.