పావుగంట ఆగిన షాట్

ఫిల్మ్ నగర్‌లో లైట్ల లారీ తోలే వెంకటనర్సయ్యకు ఒక పేరుంది. లొకేషన్‌లో ఎవరైనా "సైలెన్స్" అని అరిస్తే, ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే ఆయన ఇంజన్ ఆగిపోతుంది. పక్క బంగళాలో కుక్క మొరిగినా మొరుగుతుందేమో గానీ నర్సయ్య బండి మాత్రం నోరెత్తదు. ఇరవై రెండేళ్లుగా అంతే. "మా బండికున్న బుద్ధి ఆర్టిస్టులకుంటే రెండు టేకుల్ల ఇండ్లకు పోతుంటిమి" అని లైట్‌మెన్ దగ్గర గొప్పగా చెప్పుకుంటాడు కూడా.

బండి ఆయన సొంతం. పాత లారీ ఉన్న రోజుల్లో మాత్రం ఈ గొప్ప సగమే. అది కదిలితే చాలు నల్లటి పొగ. బట్టలు చూసుకునే రాజ్యలక్ష్మి ఒకసారి నలుగురిలో నిలదీసింది. "ఏవండీ నర్సయ్యగారూ, హీరోయిన్ కళ్లకు పెట్టాల్సిన కాటుక మీరు నా చీరలకు పెడుతున్నారేంటండీ?" అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు గానీ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

అందుకే రెండేళ్ల కిందట కొత్త లారీ రాగానే తెల్ల దస్తీ ఒకటి పొగగొట్టం ముందు పట్టి, తీసుకెళ్లి ఆవిడకు చూపించాడు. "అక్కా, జర చూడు." దస్తీ తెల్లగానే ఉంది. మర్నాటి నుంచి రాజ్యలక్ష్మి తడి చీరలు ఆరేసే తాడుకు ఒక కొస చెట్టుకు, రెండో కొస నర్సయ్య లారీ కొక్కేనికి.

అలాంటి బండికి ఈ ఏడు జబ్బు చేసింది. స్టీరింగ్ వెనక పసుపు లైటు ఒకటి వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. పొగను శుభ్రం చేసే యూరియా నీళ్లు తక్కువయ్యాయేమోనని ట్యాంకు నిండా పోయించాడు. లైటు పోలేదు. ఒక గురువారం ఫిల్మ్ నగర్ ఎత్తు మీద బండి బలమంతా ఒక్కసారిగా జారిపోయింది. ఎంత తొక్కినా ఎద్దులబండి నడకే. వెనక ఆటోలవాళ్లు హారన్లతో దీవించారు. లైట్లు చేరేసరికి పొద్దుటి ఎండ దాటిపోయింది, సీను గంగలో కలిసింది.

మేనేజర్ వెంకటేశ్వరరావు కోపంలోనూ మర్యాద వదలడు. "మీరంటే నాకు గౌరవమేనండీ నర్సయ్యగారూ. కానీ మీ బండి వల్ల ఇంకొక్కసారి షాట్ ఆగిందంటే వేరే బండి చెప్పేస్తాను. తర్వాత నన్ను ఏమీ అనుకోవద్దు."

ఆ సాయంత్రమే నర్సయ్య షేక్‌పేటలో మెకానిక్ జగదీశ్ దగ్గరికి పోయాడు. వరసకు బామ్మర్ది.

"బావా, నీ పొగగొట్టంల ఒక జల్లెడ ఉంటది" అన్నాడు జగదీశ్ బండి కిందనుంచే. "మసినంత అదే పట్టుకుంటది. గది నిండింది. ఊపిరాడక బండి ముడుసుకున్నది."

"యూరియా పోస్తనే ఉన్న గదనే?"

"అది కడుపునొప్పి మందు. దీనికొచ్చింది దగ్గు." జగదీశ్ బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "కోసి లోపలిదంత ఖాళీ చేస్త. కంప్యూటర్‌కు అంత మంచిగనే ఉన్నదని నమ్మిస్త. ఒక పూట పని. మల్ల ఈ రోగం జన్మల రాదు."

"పొగ?"

"వస్తది. అది తప్పే గానీ, ఫికర్ జెయ్యకు, ఎవ్వలికి తెల్వది."

నర్సయ్య మనసు ఊగింది. జన్మలో రాదన్న మాట తియ్యగా ఉంది. కానీ ఎవ్వలికీ తెలియకపోవడమేంటి? తాడు మీది మొదటి చీరకే తెలిసిపోతుంది.

"కోసుడు తర్వాత. అసలు ఎందుకు నిండిందో చూడు."

జగదీశ్ కంప్యూటర్ తగిలించాడు. చూసి చూసి నెత్తి గోక్కున్నాడు. "మసి నిండినప్పుడల్ల బండి తనంతల తనే వేడి పెంచుకొని కాల్చేసుకుంటది బావా. ఇంజన్ జర గట్టిగ ఒర్లుతది చూడు, గప్పుడు. నలభై ఒక్కసారి మొదలుపెట్టింది, రెండుసార్లే పూర్తయింది. మిగిలినయన్నీ నువ్వే నడుమల బంద్ చేసినవ్. ఎందుకు?"

నర్సయ్య తన రోజువారీ దారి తలచుకున్నాడు. యూసుఫ్‌గూడ నుంచి ఫిల్మ్ నగర్, అక్కణ్నుంచి ఏదో జూబ్లీహిల్స్ బంగళా. బండి వేడెక్కి ఒర్లడం మొదలుపెట్టేసరికి లొకేషన్ వచ్చేస్తుంది. అంతలో సైలెన్స్. తాళం తిప్పేస్తాడు. దానికి తుమ్ము వచ్చిన ప్రతిసారీ తనే ముక్కు మూశాడన్నమాట. అదీ నలుగురిలో మెప్పు పొందుతూ!

"కొయ్యకు. సాఫ్ చెయ్యి."

"చేస్త గానీ, తర్వాత వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటసేపు ఆపకుంట తోలాలె. మొదలుపెట్టినప్పుడు మాత్రం బంద్ చెయ్యొద్దు. నీతోని అయితదా?"

ఆదివారం నర్సయ్య భార్య కౌసల్యను బండెక్కించాడు. "పెండ్లయినంక ఒక్కనాడు ఎక్కుమన్లే" అందామె చీర సర్దుకుంటూ. "బండికి పానం బాగలేకుంటేనే నాకు షికారా?"

"దానికి గాలి మారాలన్నడు డాక్టర్."

రోడ్డు ఎక్కాక ఆమె పులిహోర డబ్బా తెరిచింది. "జర ఆపు, తిందాం."

"ఆపొద్దు."

"తినెటందుకు గూడనా?" నవ్వి, ముద్దలు చేసి తనే ఆయన నోట్లో పెట్టింది. పసుపు లైటు ఎప్పుడు పోయిందో ఇద్దరూ చూడలేదు.

సోమవారం బండి ఎత్తు మీద చలాకీగా పోయింది. నెల గడిచింది. తర్వాత ఓ ఆదివారం షూటింగే పడింది, గాలి మార్పు తప్పింది. ఆ బుధవారం జూబ్లీహిల్స్ బంగళా ముందు, లైట్లన్నీ దించాక, ఇంజన్ ఇంకా ఆపని లారీ పసుపు లైటు వేసుకుని ఒర్లడం మొదలుపెట్టింది. నర్సయ్య దిగి, వేడికి అంటుకోకుండా పొగగొట్టం కింద ఎండాకులు ఊడ్చాడు. తాడు కొస విప్పి, చీరలు అవతలికి జరపమని రాజ్యలక్ష్మికి చెప్పాడు. వచ్చి కూర్చున్నాడో లేదో, అసిస్టెంట్ డైరెక్టర్ శ్రీకాంత్ కేక వేశాడు.

"సైలెన్స్!"

నర్సయ్య చెయ్యి తాళం మీదికి పోయింది. అక్కడే ఆగింది.

అందరూ ఇటు తిరిగారు. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ లేనిది. వెంకటేశ్వరరావు పరుగున వచ్చాడు. "ఏంటండీ ఇది? నేనేం చెప్పాను మీకు?"

"షాట్ ఆగితే వేరే బండన్నరు సార్. యాదికున్నది." నర్సయ్య తాళం మీంచి చెయ్యి తీశాడు. "ఇప్పుడు ఆపిననుకోండ్రి, ఎల్లుండి గా ఎత్తు మీద మల్ల ఆ గురువారం లెక్కనే అయితది. ఇయ్యాల పావుగంట ఆగుతరా, ఎల్లుండి పూటంత ఆగుతరా? మీ ఇష్టం. తాళం గీడనే ఉన్నది."

మేనేజర్ లారీని చూశాడు, గడియారం చూశాడు. వెనకనుంచి రాజ్యలక్ష్మి అంది, "ఆ గురువారం లైట్లు రాక మేకప్ మూడుసార్లు చెరిపి వేశారండీ. పావుగంటకేం పోయింది?"

వెంకటేశ్వరరావు నిట్టూర్చాడు. "టీలు చెప్పండయ్యా అందరికీ!"

టీలు అయ్యాయి. బండి ఒర్లడం ఆగింది, పసుపు లైటు పోయింది. నర్సయ్య తాళం తిప్పాడు. ముచ్చట్లలో పడి ఎవరూ గమనించలేదు. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, జీవితంలో మొదటిసారి తనే అరిచాడు.

"సైలెన్స్!"

యూనిట్ మొత్తం ఉలిక్కిపడి నోరు మూసింది. రాజ్యలక్ష్మి నవ్వు ఆపుకుంటూ, తాడు కొస తెచ్చి లారీ కొక్కేనికి కట్టింది.