పక్క గోడౌన్ వాళ్ళతో పోలిస్తే

అన్నయ్యకు ఒకే ఒక్క జబ్బు. ఏ పనైనా పక్కవాళ్ళు ఎంతసేపట్లో చేస్తున్నారో తెలిస్తే తప్ప, అది బాగా జరిగిందో లేదో ఆయనకు తెలియదు. కాఫీ చేతికిస్తే బాగుందనడు, బాగాలేదనడు. "ఎదురింటివాళ్ళు తాగేసి గ్లాసులు కూడా కడిగేసుకున్నారు," అంటాడు.

వదినకు మొదటి కాన్పయిన రోజు నర్సు బయటికొచ్చి "మగపిల్లాడండీ" అంటే, "పక్క గదిలోవాళ్ళు మనకన్నా తర్వాత వచ్చారు కదా, వాళ్ళకి అప్పుడే అయిపోయిందా?" అని అడిగాడట. లోపల్నుంచి వదిన, కన్ను తెరిచే ఓపిక కూడా లేకుండానే, "అయిపోతే ఆ బిడ్డనే ఎత్తుకోమనండి," అంది.

ఒకసారి సెలూన్‌లో కూర్చుని, "సందు చివర షాపులో ఇంతకన్నా తొందరగా కత్తిరిస్తారు," అన్నాడు. సెలూన్ ఆయన కత్తెర కింద పెట్టి, మెడకు కట్టిన గుడ్డ విప్పి దులిపేశాడు. "అయితే మిగతా సగం అక్కడే కానివ్వండి." వేరేవాళ్ళయితే సిగ్గుతో చచ్చేవాళ్ళు. అన్నయ్య గబగబా సందు చివరికి నడిచి మిగతా సగం అక్కడ కత్తిరించుకుని, ఇంటికొచ్చి అద్దం ముందు మురిసిపోయాడు. "చూశావుటే, పోలికంటే ఇదీ! ఒకే తల, ఇద్దరు పనివాళ్ళు." జుట్టు పెరిగేదాకా వదిన ఆయన పక్కన నడవలేదు.

ఇలాంటి మనిషికి జీతమిచ్చి మరీ ఈ పనే అప్పజెప్పిన కంపెనీ ఒకటుంది. గాజు సామాన్ల గోడౌన్, అందులో సూపర్‌వైజరు ఉద్యోగం. కొట్లవాళ్ళ ఆర్డరు అందిన దగ్గర్నుంచి, గ్లాసులూ సీసాలూ పెట్టెల్లోకెక్కి, లారీ ఎక్కి, కొట్టు గుమ్మంలో దిగేదాకా ఎక్కడెక్కడ ఎంత ఆలస్యమవుతోందో చూడాలి. ఊళ్ళో మిగతా గాజు గోడౌన్లవాళ్ళు అదే పని ఎంతలో చేస్తున్నారో కనుక్కుని పక్కన పెట్టి చెప్పాలి. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకుని ఎదుటి గోడౌన్ గేటు దగ్గర కాపలా కాసేవాడు. చూడలేక ఆ వాచ్‌మన్ స్టూలు వేశాడు. కొన్నాళ్ళకి "భోంచేసొస్తాను, కాస్త గేటు చూస్తుండండి," అనేదాకా వెళ్ళింది చనువు. ఒకరోజు ఆ గోడౌన్ సూపర్‌వైజరు కోసం ఎవరో వస్తే వాచ్‌మన్ అన్నయ్యను చూపించి, "మా సార్ లేరండీ. ఆయన వెళ్ళి ఈయనగారి గోడౌన్ గేటు దగ్గర కూర్చుని వీళ్ళ లారీలు చూస్తున్నారు," అన్నాడట.

చెల్లెలు ఆ ఇంటికొచ్చి ఏడాది కావస్తోంది. భర్త పోయాక అన్నయ్యే వెళ్ళి తీసుకొచ్చాడు. వంటింట్లో ఓ మూల కూర్చునేది. కూర తరగమంటే తరిగేది, ఆపమనకపోతే తరుగుతూనే ఉండేది. చూసి చూసి అన్నయ్య ఓ పొద్దున "పద" అని గోడౌన్‌కి తీసుకెళ్ళి ప్యాకింగ్ బల్ల ముందు నిలబెట్టాడు. గ్లాసుకి కాగితం చుట్టాలి, పెట్టెలో పేర్చాలి, మధ్యమధ్య అట్ట దోపాలి. అంతే పని. చేతులు నిండితే మనసు కాస్త పక్కకి జరిగి కూర్చుంటుందని ఆమెకు అక్కడే తెలిసింది.

పక్క బల్ల ఆవిణ్ణి అందరూ మెరుపక్క అంటారు. ఆవిడ కాగితం చుట్టడం ఎవరికీ కనిపించదు, చుట్టేసిన గ్లాసే కనిపిస్తుంది. నోరు చేతులకన్నా వేగం. "ఏమ్మా, గ్లాసుకి చుడుతున్నావా, జోల పాడుతున్నావా?" అని ఆవిడ అడిగితే, చెల్లెలికి ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది. అడగడంలో తప్పేం లేదు. పసిబిడ్డకు నీళ్ళుపోసి గుడ్డ చుట్టినట్టే చుట్టేది మరి.

విడ్డూరమేమిటంటే, గోడౌన్లో పిల్లితో సహా అందర్నీ పక్క గోడౌన్‌తో పోల్చిన అన్నయ్య, చెల్లెల్ని మాత్రం ఎవరితోనూ పోల్చలేదు. ఇంట్లోనూ అంతే. ఒకసారి పిన్ని వచ్చి, "మా తోటికోడలికీ ఇలాగే అయింది, మూణ్ణెల్లకే తేరుకుంది. ఇదేమిట్రా ఇంకా..." అని మొదలెట్టింది. పోలికంటే చెవి కోసుకునే అన్నయ్య, "పిన్నీ, నీ బస్సుకి టైమైంది," అని సంచి చేతికిచ్చి పంపించేశాడు. ఆ బస్సు సాయంత్రానిది. పోల్చడానికి కూడా పనికిరానన్నమాట, అనుకుంది చెల్లెలు.

ఇలా ఉండగా యజమాని గాజు వ్యాపారుల సమావేశానికి వెళ్ళొచ్చి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "అందరూ ఆర్డరొచ్చిన రెండోరోజుకే సరుకు దింపేస్తున్నారట. మనకి నాలుగు రోజులా! ఏ బల్ల దగ్గర ఆలస్యమో శుక్రవారానికి నాకు తెలియాలి. ఆ బల్ల తీయించేస్తాను, బల్ల ముందున్న మనిషిని కూడా."

గోడౌన్లో ఉన్న కళ్ళన్నీ ఒక్క బల్లవైపే తిరిగాయి.

ఆరోజు భోజనాల దగ్గర వదిన గరిటె పక్కన పెట్టింది. "ఊరందర్నీ పోల్చండి, నన్నూ పోల్చండి, నాకు అలవాటైపోయింది. దీన్ని మాత్రం వదిలేయండి. ఆ బల్ల పోతే ఇది మళ్ళీ ఆ మూలకే చేరుతుంది."

"లెక్క లెక్కే," అన్నాడు అన్నయ్య, కూర వడ్డించుకుంటూ.

చెల్లెలు వంటింటి మూలకు వీపు తిప్పి కూర్చుంది. ఆ మూలను చూస్తే ఇప్పుడు ఆమెకే భయం వేస్తోంది.

శుక్రవారం యజమాని గదికి అన్నయ్యతో పాటు చెల్లెల్నీ పిలిపించారు. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"తేలిందా? ఏ బల్ల?"

"మీ బల్ల సార్."

యజమాని తన బల్లకేసి చూసుకున్నాడు. "ఇదా?"

"ఆర్డరొచ్చాక మీ సంతకం కోసం రెండ్రోజులు ఇక్కడే పడుకుంటోంది సార్. మిగతా గోడౌన్లలో సూపర్‌వైజరే సంతకం పెట్టి వెంటనే కిందికి పంపేస్తున్నాడు. ఊళ్ళో యజమానుల బల్లలన్నీ పోల్చి చూశాను. మీరే ఆఖరు."

"అంటే ఇప్పుడు నన్ను తీయించేయాలంటావా?"

"అది మీ ఇష్టం సార్. పోల్చి చెప్పడం వరకే నా పని."

యజమాని ముఖం ఎర్రబడింది. తర్వాత ఎందుకో మీసం కింద ఓ నవ్వు కదిలింది. "సరే, రేపట్నుంచి సంతకం నువ్వే పెట్టు. అయినా మీ చెల్లెలి బల్ల సంగతి తేలలేదు. నెమ్మదని అందరూ అంటున్నారు. ఏదీ, ఆ బల్ల లెక్క చెప్పు."

"లేదు సార్."

"లేదా! గోడౌన్ పిల్లి లెక్క కూడా ఉందటగా నీ దగ్గర?"

అన్నయ్య స్టాప్‌వాచీ తాడు మెలిపెట్టాడు. "పోటీ పెట్టాలంటే ఇద్దరూ ఒకచోట నుంచే బయల్దేరాలి కద్సార్. ఇది ఎక్కణ్ణుంచి బయల్దేరిందో నాకు తెలుసు. దీని పక్కన ఎవర్ని నిలబెట్టను? అందుకని వాచీ పట్టలేదు."

ఏడాదిగా తనని ఎందుకు లెక్కలోకి తీసుకోలేదో చెల్లెలికి ఆ క్షణంలో తెలిసింది. గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"ఇప్పుడు పట్టన్నయ్యా."

"వద్దులేవే..."

"పట్టమంటున్నాగా!"

"అదీ మాట," అన్నాడు యజమాని లేస్తూ. "మెరుపక్క వేగంలో సగముంటే చాలు. బల్ల ఉంటుంది."

గోడౌనంతా మూగింది. రెండు బల్లలు, రెండు ఖాళీ పెట్టెలు. యజమాని "ఊఁ" అన్నాడు. కాగితాలు గరగరమన్నాయి. మెరుపక్క రెండో వరుసకొచ్చి, చేతులు ఆపకుండానే అరిచింది. "ఏమండీ సూపర్‌వైజరుగారూ! నా వాచీ నడుస్తోంది, మీ చెల్లెలి వాచీ ఇంకా నిద్రపోతోందేం?"

అందరూ అటు చూశారు. అన్నయ్య చేతిలో రెండు వాచీలున్నాయి. ఒకటి పరుగెడుతోంది, ఒకటి నొక్కనేలేదు. జన్మలో లెక్క తప్పనివాడు తొలిసారి దొంగాట ఆడి, రెండో వరుసకే దొరికిపోయాడు.

"వేలు జారింది," అన్నాడు.

"బాగా జారింది," అంది మెరుపక్క.

చెల్లెలు అప్పటికే పెట్టె ఖాళీ చేసేసింది. "మొదట్నుంచి పట్టు. ఈసారి జారితే వదినతో చెబుతాను."

వేలు జారలేదు. మెరుపక్క పెట్టె మూసి తాడు కట్టేసి, చేతులు దులుపుకునే సరికి చెల్లెలి పెట్టె ముప్పాతిక నిండింది. "సగం కన్నా ఎక్కువే. ఇక ఎవరి పని వాళ్ళు చూసుకోండి," అని యజమాని వెళ్ళిపోయాడు.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. పైకప్పు రేకులు మోగేలా ప్రకటించాడు. "మెరుపక్కతో పోలిస్తే నువ్వు చాలా వెనకే!"

"ఎదుటి గోడౌన్‌లో ఎవర్నైనా చూసిరా, నన్ను మించినవాళ్ళుంటే చెప్పు," అంది చెల్లెలు ఇంకో పెట్టె ముందుకు లాక్కుంటూ. "ఈలోగా ఈవిడ సంగతి నేను చూస్తాను."

"చూద్దువుగాని రావమ్మా," అంది మెరుపక్క, గ్లాసులు కాస్త దగ్గరికి జరుపుకుంటూ.