మూడో అంతస్తులో తాడు పట్టుకున్న మనిషి

పటాన్‌చెరులో శ్రీశైలం, నేను ఒకే గదిలో మూడేళ్లు కిరాయికి ఉన్నాం. అతను నాకన్నా ఆరేళ్లు పెద్ద. బొల్లారంలో ఒక మందుల కంపెనీలో, రసాయనాలు కలిపే పెద్ద ట్యాంకుల్లాంటి రియాక్టర్ల దగ్గర కాంట్రాక్టు పని చేసేవాడు. కంపెనీ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిన రోజు సంతోషంగా ఉండేవాడు. అంతకు మించిన కోరికలేవీ అతను పైకి చెప్పగా నేను వినలేదు. ఒక్క ఆట సంగతి తప్ప.

అతను ఒక వీడియో గేమ్ తయారుచేస్తున్నాడు. భయపెట్టే ఆట. ఇప్పటి వాటిలాగా సినిమాను మించి మెరిసేది కాదు, పాతికేళ్ల కిందట టీవీకి వైరు తగిలించుకుని ఆడుకున్న రకం. మనుషుల ముఖాలు గళ్లుగళ్లుగా ఉంటాయి. కెమెరా గది మూలన, పైకప్పు దగ్గర, కదలకుండా ఉంటుంది. మనిషి ఆ చివరి దాకా నడిస్తే టక్కున ఇంకో మూల నుంచి కనబడతాడు. వెంటపడేవి చాలా ఉంటాయి, తూటాలు నాలుగో ఐదో ఉంటాయి. ఆటను ఎక్కడ పడితే అక్కడ సేవ్ చేసుకోవడం కుదరదు. కొన్ని చోట్లే కుదురుతుంది. అక్కడికి చేరేలోపు చస్తే మళ్లీ మొదటి నుంచి రావాలి.

చిన్నప్పుడు సంగారెడ్డిలో ఒక గేముల దుకాణంలో అతను ఇలాంటివి ఆడాడు. తాళంచెవి ఎక్కడుందో ఆటలోనే ఒక కాగితం మీద రాసి ఉండేదట. ఇంగ్లీషు రాక ఆ కాగితాన్ని దాటేసి, పిల్లలంతా గోడలన్నీ తడుముకుంటూ తిరిగేవాళ్లట. "సదువొచ్చినోడు గంటల ఆడేదాన్ని మేము నెల ఆడినం" అని చెప్పి నవ్వేవాడు. అలా తడుముకుంటూనే, హిందీ వీడియోలు చూసి, పాత ల్యాప్‌టాప్ మీద ఆట కట్టడం నేర్చుకున్నాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన రోజుల్లో కిటికీకి దుప్పటి కట్టి, మధ్యాహ్నం దాకా దాని ముందే కూర్చునేవాడు. దూరంగా ఉన్న వాటిని చూపించే శక్తి ఆ ల్యాప్‌టాప్‌కు లేదు కాబట్టి ఆటంతా పొగతో నింపాడు. పాత ఆటల వాళ్లు కూడా ఇలాగే చేశారట.

"గింత పొగ ఎందుకన్నా?" అని అడిగాను.

"బొల్లారంల పొగ ఉంటే ఎందుకని అడిగేటోడు ఎవడురా?"

అవును, ఆట జరిగేది అతని కంపెనీలోనే. పేరు మార్చాడు కానీ మెట్లు, పైపులు, వాల్వులు, నేల మీది మరకలు అన్నీ అవే. నిజమైన కంపెనీలో కెమెరాలు గేటు దగ్గరా స్టోర్ దగ్గరా ఉండేవి, ఎవడైనా సరుకు ఎత్తుకుపోతాడేమోనని. రియాక్టర్ల దగ్గర, అంటే మనుషులు చచ్చే చోట, ఒక్కటీ లేదు. ఆటలో మాత్రం అన్నిచోట్లా పెట్టాడు.

విఠల్ అతని జతగాడు. ఇద్దరిదీ ఒకే షిఫ్టు. సదాశివపేట అవతలి పల్లె నుంచి వచ్చి, పటాన్‌చెరులో భార్య సునందతో కాపురం పెట్టాడు. సెలవు రోజున మా గదికి వచ్చి, ల్యాప్‌టాప్ చూసి వెక్కిరించేవాడు.

"ఎనిమిది గంటలు అండ్లనే సచ్చి, రూముకొచ్చి మళ్ల గదే కంపెనీ ఆడుతరా అన్నా ఎవలన్న?"

"నువ్వు ఆడకురా. నిన్ను గేటు కాడ వాచ్‌మన్‌గ పెడ్త."

"పెట్టు గని, కుర్సీ ఇయ్యి. నిలబడి నిలబడి మోకాళ్లు పోయినయి."

పోయిన ఆగస్టులో విఠల్ చనిపోయాడు. ఖాళీ రియాక్టర్ అడుగున గట్టిపడిన మడ్డిని గోకడానికి దిగి, మళ్లీ పైకి రాలేదు. ఎవరినీ అడగకుండా, పర్మిట్ కాగితం లేకుండా, తనంతట తానే దిగాడని కంపెనీ రాసింది. ఆ సమయంలో అక్కడ ఇంకెవరూ లేరని శ్రీశైలం కంపెనీ రాసిన రిపోర్టు కింద సంతకం పెట్టాడు. నేను అడిగితే, "లేను" అని మాత్రం అన్నాడు. నేను నమ్మాను.

ఎవరినీ అడగకుండా దిగాడన్న మాట ఊరికి చేరేసరికి తాగి దిగాడు అయింది. విఠల్ ఆదివారాలు తాగేవాడు, కాబట్టి అందరికీ నమ్మడం తేలికైంది. అందరికన్నా ముందు తల్లి బక్కమ్మ నమ్మింది. "తాగినోన్ని డ్యూటీకెట్ల తోలినవే?" అని దినాల నాడే కోడలిని నలుగురిలో అడిగింది. ఆ తరువాత సునందతో మాట్లాడటం మానేసింది.

సునంద మాత్రల ప్యాకింగ్ పనికి పోతూనే, ఆయన పోయిన చోటు ఒక్కసారి చూస్తానని కంపెనీ గేటు దగ్గరకు మూడుసార్లు వెళ్లింది. మూడుసార్లూ సెక్యూరిటీ వాళ్లు వెనక్కి పంపారు. హెల్మెట్, బూట్లు లేనివాళ్లను లోపలికి పంపడం ప్రమాదమట.

మార్చిలో ఒక ఆదివారం పొద్దున ఆమె మా గదికి వచ్చింది. గడప దగ్గరే నిలబడి అడిగింది.

"అన్నా, కంపెనీ మొత్తం కంప్యూటర్ల పెట్టినవంట గద. మా ఆయన చెప్తుండె. నాకు జెర చూపియ్యి."

"అది ఆట చెల్లె. పోరగాండ్లు ఆడేది. భయమైతది."

"భయమైతే కండ్లు మూసుకుంట. చూపియ్యి."

ల్యాప్‌టాప్ చెడిపోయిందని చెప్తాడేమో అనుకున్నాను. చెప్పలేదు. ఆటలో వెంటపడే వాటినన్నింటినీ తీసేసి, ల్యాప్‌టాప్‌ను ఆమె ముందు పెట్టాడు.

బొమ్మ మనిషి ఆమె చేతుల్లో గోడలకు కొట్టుకున్నాడు. "గిదేంది, నేనొక దిక్కు నొక్కితే గీయన ఒక దిక్కు పోతుండు."

"పాత ఆటలు గట్లనే ఉంటయి. ముందు మనిషిని తిప్పాలె, ఎన్క నడిపియ్యాలె."

ఆమె మెల్లగా నేర్చుకుంది. గేటు దాటింది. పొగలోంచి మెట్లు కనబడ్డాయి.

"రోజు ఎక్కేది గీ మెట్లేనా?"

"గివే."

"బట్టలు ఏడ మార్చుకుంటుండె?"

అతను వేలితో చూపించాడు. గోడకు వరసగా కొక్కేలు. ఒకదానికి గళ్ల అంగీ వేలాడుతోంది. గళ్లుగళ్ల బొమ్మే అయినా అది ఎవరి అంగీయో నాకూ తెలిసింది. సునంద బొమ్మ మనిషిని ఆ కొక్కేల ముందు నిలబెట్టి, మీటల మీది నుంచి చేతులు తీసేసింది. తరువాత, "ఇగ పైకి పోదాం" అంది.

మూడో అంతస్తులో రియాక్టర్ మూత తెరిచి ఉంది. ఆ మ్యాన్‌హోల్ పక్కన ఒక మనిషి రెండు చేతులతో తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తాడు రెండో కొస లోపలికి దిగి ఉంది.

"ఈయనెవరు?"

"స్టాండ్‌బై" అన్నాడు శ్రీశైలం. "లోపలికి ఒకరు దిగితే పైన ఒకరు తాడు పట్టుకొని ఉండాలె. ఏడికి పోవద్దు. కిందోడు పలుకకపోతే గుంజాలె."

"ఆటల ఈయన ఏం చేస్తడు?"

"ఏం చెయ్యడు. నిలబడతడు. ఈయన కాడ ఉంటే ఏవీ మీదికి రావు. ఆట ఈడనే సేవ్ అయితది."

సునంద తెరనే చూస్తూ అడిగింది. "ఆ దినం ఎవరున్నరు?"

అతను ల్యాప్‌టాప్ వైరును పక్కకు జరిపాడు.

"ఎవ్వరు లేరని కాయితంల రాసిరు. నువ్వే సంతకం పెట్టినవు."

"నేనే ఉన్న" అన్నాడు శ్రీశైలం. "తాడు నా చేతులనే ఉండె."

తరువాత అంతా చెప్పాడు. పర్మిట్ కాగితం ఉంది. స్టాండ్‌బైగా అందులో అతని పేరే ఉంది. పక్క రియాక్టర్‌లోకి డ్రమ్ములు వంచడానికి మనిషి తక్కువ పడితే సూపర్‌వైజర్ పిలిచాడు, ఐదు నిమిషాలని. అక్కడ అందరూ చేసేదే అతనూ చేశాడు. తాడును రెయిలింగ్‌కు కట్టి, తన హెల్మెట్ తీసి మ్యాన్‌హోల్ పక్కన పెట్టి వెళ్లాడు. హెల్మెట్ ఉంటే మనిషి ఉన్నట్టే అక్కడ లెక్క. ఎవడైనా పెద్దసారు తనిఖీకి వస్తే, ఇప్పుడే ఇటు పోయాడని చెప్పుకోవచ్చు. ఐదు నిమిషాలు ఇరవై అయ్యాయి. ఎక్కడో సరిగా మూసుకోని వాల్వు లోంచి లోపలికి నైట్రోజన్ వచ్చి, పీల్చే గాలి లేకుండా చేసింది. దానికి రంగు లేదు, వాసన లేదు. తిరిగొచ్చి పిలిస్తే విఠల్ పలకలేదు. పర్మిట్ కాగితం ఆ సాయంత్రానికి కనబడకుండా పోయింది. ఉద్యోగం కావాలంటే సంతకం పెట్టమన్నారు.

"తాగి ఉండెనా?"

"లేదు చెల్లె. పొద్దుగాల నా డబ్బల ఉప్మ తిన్నడు. మంచిగనే ఉండె."

ఆమె తెర మీది మనిషిని చూపించింది. "మరి గీయన్ని ఎందుకు పెట్టినవు?"

"ఉండి ఉంటే బాగుండు అని."

నేను ఆమె అరుస్తుందనుకున్నాను, కనీసం ఏడుస్తుందనుకున్నాను. ఆమె ల్యాప్‌టాప్ మూత మూసింది.

"ఆటల పెడితే ఏమొస్తదన్నా. వచ్చి మా అత్తకు చెప్పు."

"చెప్తే నౌకరి పోతది."

"పోతది" అంది సునంద.

ఆ మధ్యాహ్నమే ముగ్గురం సదాశివపేట దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాం. దారిలో శ్రీశైలం రెండుసార్లు దిగిపోయేలా లేచి, మళ్లీ కూర్చున్నాడు. బక్కమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. కోడలిని చూసి ముఖం తిప్పుకుంది.

"నువ్వు సావుకు వచ్చినవు గద, కొడుకా" అంది అతనితో.

"వచ్చిన పెద్దమ్మా. ఆ దినం నీకు చెప్పలే. ఇయ్యాల చెప్తందుకు వచ్చిన."

నిలబడే చెప్పాడు. ఏదీ దాచలేదు. బక్కమ్మ గింజ తీయడం ఆపి విన్నది.

"నా కొడుకు తాగలే?"

"తాగలే."

"నువ్వు ఆడనే నిలబడి ఉంటే, వాడు బతుకుతుండెనా?"

శ్రీశైలం నా వైపు చూశాడు.

"బతుకుతుండె" అన్నాడు.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. కొడుతుందేమో అనుకున్నాను. అతనూ అదే అనుకున్నట్టున్నాడు, జరగకుండా నిలబడ్డాడు. ఆమె అతన్ని దాటి వీధిలోకి వెళ్లి పిలిచింది.

"ఓ లచ్చవ్వా, గీడికి రా. మీ పెద్దాయన్ని గూడ తోల్కరా. అందరు రాండ్రి జెర."

ఒక్కొక్కరే వచ్చారు. ఏడెనిమిది మందయ్యాక ఒకతను బైకు ఆపి దిగాడు. ఒంటి మీద మా శ్రీశైలం కంపెనీ నీలం చొక్కా ఉంది. శ్రీశైలం అతన్ని చూశాడు, అతనూ శ్రీశైలాన్ని చూశాడు. ఆ తరువాత మూడో రోజు పొద్దున కంపెనీ గేటు దగ్గర శ్రీశైలం కార్డు పనిచేయలేదు, ఉద్యోగం పోయింది. అలా అవుతుందని ఆ వాకిట్లో నిలబడ్డప్పుడే మా ఇద్దరికీ తెలుసు.

"ఇప్పుడు చెప్పు" అంది బక్కమ్మ. "నాకు చెప్పినట్టే చెప్పు."

అతను మొదటి నుంచి చెప్పాడు. హెల్మెట్ తీసి పెట్టిన సంగతి కూడా వదల్లేదు. ఒక ముసలాయన చెవి దగ్గర చేయి పెట్టుకుని, ఏమంటున్నాడని అడిగాడు. బక్కమ్మ మళ్లీ చెప్పమంది. అతను గట్టిగా, మళ్లీ చెప్పాడు. అప్పుడే గొర్లను తోలుకుని ఇంకో ఇద్దరు వచ్చి, గోడ పక్కన నిలబడ్డారు.

"ఓ, మీరు ముందటికి రాండ్రి" అంది బక్కమ్మ. చింతపండు పళ్లేన్ని కాలితో పక్కకు జరిపి, అరుగు మీద కోడలు కూర్చోవడానికి చోటు చేసింది. ఆమె ముఖం మాత్రం చూడలేదు. సునంద వచ్చి కూర్చుంది.

శ్రీశైలం ఆ వాకిట్లో నాలుగోసారి మొదలుపెట్టాడు.